తలుపులేసుకుని వాయించే హన్నా, గంగ

విజయవాడ వన్ టౌన్‌లో హన్నా అంటే జాకెట్లు కుట్టే హన్నానా, గుడిలో కీబోర్డు వాయించే హన్నానా అని ఎవరూ అడగరు. ఇద్దరూ ఒకామే. అయితే తొంభై ఆరో సంవత్సరంలో మూడో హన్నా ఒకామె బయల్దేరింది. ఆమెను కళ్ళారా చూసిన మగవాడు ఊళ్ళో ఒక్కడు లేడు. చూసిన ఆడవాళ్ళేమో ఈ రోజుకీ ఆ సంగతి ఎత్తితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ముందు ఆ కీబోర్డు సంగతి చెప్పుకోవాలి. అది లేకపోతే తర్వాత జరిగిన పంచాయితీ ఎవరికీ బోధపడదు. ఆ గుడి, అంటే చర్చి, ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ డబ్బా గుడికి చేరుతుంది. ఏళ్ళ తరబడి అలా పోగుచేసిన బియ్యం అమ్మి కొన్నారు ఆ కీబోర్డు. గుడి వెనక గదిలో పెడితే పది రోజుల్లో ఎలుకలు వైరు కొరికేశాయి. అప్పటినుంచీ అది హన్నా ఇంట్లో మంచం కింద, పాత దుప్పటి కప్పుకుని, బాలింతరాలి పక్కన బిడ్డలా పడుకునేది. ఇంట్లో ఎవరైనా చీపురు అటు తిప్పారా, హన్నా మిషను మీదనుంచే అరిచేది.

ఆమెకు వాయించడం ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు హార్మోనియం వాయించే పెద్దాయన వెనక నిలబడి, ఆయన వేళ్ళు ఎటుపోతే కళ్ళు అటు పోనిచ్చి నేర్చుకుంది. వారమంతా ఊళ్ళోవాళ్ళ చంకల కొలతలు, మెడల కొలతలు. ఆదివారం ఆ ఒక్క గంటా మాత్రం ఆమెది. ఆ పెట్టె చేతిలోంచి పోతే హన్నా అనే మనిషిలో మిగిలేది సూదీ దారమే.

మొగుడు సొలొమోను ఆటో నడిపేవాడు. నోట్లో నాలుక లేని మంచివాడు. అత్తగారు శౌరమ్మ. పుట్టింటివాళ్ళు కతోలికులు, అందుకని ఆ పేరు. ఆమె గురించి ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. పక్కింటి పిల్లకు పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు “అమ్మాయి ఎలాంటిదండీ?” అని అడిగితే, “బంగారం లాంటిది, గురక పెడుతుంది” అని చెప్పిన మనిషి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. ఆ సంబంధం తప్పిపోయినా ఆమె బాధపడలేదు.

తొంభై ఆరు శ్రావణంలో ఒక పొద్దున, హన్నా తలుపు దగ్గర కూర్చుని, ప్లగ్గులోనే ఉన్న కీబోర్డు దుమ్ము తుడుస్తోంది. గుడ్డ తగిలి ఎప్పుడూ ముట్టని ఎర్ర మీట ఒకటి నొక్కుకుపోయింది. సరిగ్గా అప్పుడే వీధిలో గంగారత్నం కేక వేసింది.

“రొయ్యలోయ్!”

గంగారత్నం చేపలమ్మే మనిషి. పుట్టిల్లు బందరు అవతల సముద్రపు ఒడ్డు. అలల హోరు మీద పడవలో ఉన్న నాన్నకు వినపడేలా అరిచి పెంచుకున్న గొంతు. వీధి మొదట్లో అరిస్తే చివర్లో పిల్లులు లేచి కూర్చునేవి.

హన్నా కంగారుగా ఒక మెట్టు మీద వేలేసింది. కీబోర్డు “రొయ్యలోయ్!” అంది. వేలు కాలినట్టు వెనక్కి లాక్కుంది. చివరి మెట్టు నొక్కితే అదే మాట ఉడుత గొంతుతో వచ్చింది. మొదటి మెట్టు నొక్కితే దున్నపోతు అన్నట్టు వచ్చింది. ఆ పెట్టెకు చెవి లాంటి చిన్న చిల్లు ఒకటి ఉందనీ, మీట నొక్కితే ఎదుటి చప్పుడు రెండు క్షణాలు పట్టుకుంటుందనీ, దాన్ని ఏ మెట్టు మీదైనా పలికిస్తుందనీ నాలుగేళ్ళుగా గుడిలో ఎవరికీ తెలియదు.

“గంగా! ఇట్రా!”

“బేరం మాత్రం ఆడకు హన్నక్కా, ఇంకా బోణీ కాలేదు.”

“రొయ్యలొద్దే. నీ గొంతు కావాలి.”

“గొంతా? అది తూకంలో రాదు కదక్కా!” అంటూ గంగారత్నం బేసిన్ అరుగు మీద దించింది.

హన్నా వాయించి చూపింది. గంగారత్నం నోరు తెరుచుకుని విని, తర్వాత అరుగు మీద కూలబడి, “అది నేనే! ఆ దున్నపోతూ నేనే!” అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. హన్నా చెయ్యి ఊరుకోక, ఆరాధనలో ఎన్నడూ వాడని ‘డిస్కో’ మీట కూడా నొక్కింది. డుబ్ డుబ్ మని దరువు మొదలైంది. దాని మీద రొయ్యలోయ్, రొయ్యలోయ్, రొ రొ రొయ్యలోయ్.

“అక్కా, నా నడుము నా మాట వినట్లేదే!” అంది గంగారత్నం.

వాళ్ళు తేరుకునేసరికి అరుగు మీద పిల్లులు రెండు పొట్టలు నింపుకుని మూతులు నాక్కుంటున్నాయి. జోడీ అలా పుట్టింది.

మొదటి కచేరీ మిరపకాయల షావుకారు భార్య సంపూర్ణమ్మగారింట్లో. కూతురి ఓణీల ఫంక్షన్. అప్పటిదాకా ఏ ఫంక్షన్‌లో అయినా మైకుసెట్టు కుర్రాళ్ళు హాల్లో ఓ మూల నిలబడేవాళ్ళు. వాళ్ళ కళ్ళెదుట ఏ ఆడదీ కాలు కదిపేది కాదు. కుర్చీల్లో చేతులు కట్టుకుని, తల మాత్రం తాళానికి ఊపి, భోజనం చేసి వెళ్ళిపోయేవాళ్ళు. వాయించేవాళ్ళిద్దరూ ఆడవాళ్ళే అయితే? ఆ ఆలోచన జాకెట్టు కొలతలకొచ్చి రొయ్యల పాట విన్న సంపూర్ణమ్మగారిది. గోడౌన్ పైహాలు ఖాళీ చేయించింది. గంగారత్నం మేడమెట్ల మీద నిలబడి మగవాళ్ళందరినీ కిందికి తోలింది.

“బాబుగార్లూ, మీరు కింద భోంచేయండి. పైకెవరైనా తొంగి చూశారో, బిందెడు నీళ్ళు నెత్తిన పడతాయి. చేపలు కడిగినవి!”

తలుపులు మూసుకున్నాయి. అయినా ఎవరూ లేవలేదు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? అప్పుడు సంపూర్ణమ్మగారి అత్తగారు, ఎనభై ఏళ్ళావిడ, మనవరాలి జడ ఊడిపోవడం చూసి “ఓసి నీ దుంపతెగ!” అంది. గంగారత్నం కీబోర్డు ఎత్తి ఆవిడ మూతి దగ్గర పెట్టింది. “మామ్మగారూ, ఇంకోసారి!” ఆవిడ ఉత్సాహంగా మళ్ళీ తిట్టింది. రెండు క్షణాల్లో ఆ తిట్టు డిస్కో దరువెక్కింది. ఇరవై ఏళ్ళుగా ఆ తిట్టు తింటున్న కోడలే ముందు లేచింది! ఆవిడ వెనక హాలంతా లేచింది. కింద భోంచేస్తున్న మగవాళ్ళ విస్తళ్ళలో పైకప్పు సున్నం రాలింది.

అదే వాళ్ళ పద్ధతయింది. ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటి పెద్దావిడ ఊతపదం పట్టడం, దాన్ని ఆడించడం. ఒకచోట “అయ్యో రాత!”, ఒకచోట “పొయ్యి కట్టేశావా?”, హనుమాన్ జంక్షన్‌లో లారీ ఓనరుగారింట్లో ఒక తుమ్ము. పెట్టెలో ఒకసారికి ఒక్క చప్పుడే పట్టేది. స్విచ్ ఆపితే అది చెరిగిపోయేది. అందుకని ఏ ఇంటి పాట ఆ ఇంటిదే, ఇంకో ఇంట్లో వినపడేది కాదు. హన్నా వేళ్ళు, గంగారత్నం అల్లరి. ఒకరు లేకపోతే ఇంకొకరికి కుదరదు. గంగారత్నం స్టీలు బేసిన్ బోర్లించి, చేపల కత్తి వెనక్కి తిప్పి తాళం వేసేది. చీటీల్లాంటి కార్డులు కూడా అచ్చేయించారు: ‘హన్నా, గంగ. కరెంటు డాన్సు పాటలు. ఆడవాళ్ళకు మాత్రమే.’ సొలొమోను ఆటోలో తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర దింపి, సందు చివర ఆటోలో కూర్చునేవాడు. పెళ్ళాం ఏం వాయిస్తుందో మూడేళ్ళపాటు గోడల అవతలినుంచి తప్ప వినలేదు, పాపం.

గుడికి తెలియకుండా ఉంటుందా? అక్కడ సంఘ పెద్ద ఆమోసుగారు. ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదివేది ఆయనే. పాస్టరు అయ్యగారి ప్రసంగం కంటే ఆ ప్రకటనలే పొడుగు. “మరొక ముఖ్యమైన ప్రకటన” అని ఆయన అన్నప్పుడల్లా పిల్లలు బెంచీల కింద పడుకునేవాళ్ళు. ఆయన చెవిన విషయం పడింది.

“గుడి పెట్టెతో డిస్కోనా? రుజువైతే ఆ పెట్టె హన్నా దగ్గరనుంచి తీసి గిటారు వాయించే యేసుకుమార్‌కి ఇచ్చేద్దాం” అన్నాడు కమిటీలో.

హన్నా ఆ రోజు కుట్టిన జాకెట్టుకు చేతులు రెండూ ఒకవైపే అతికించింది.

“మానేద్దామంటావా అక్కా?” అంది గంగారత్నం. ఆమె గొంతు అంత చిన్నగా వినపడడం అదే మొదలు.

హన్నా సూదిలో దారం ఎక్కించింది. “అదీ నా చేతులే, ఇదీ నా చేతులే. ఏ చెయ్యి మానెయ్యనే?” అంది.

అయితే రుజువెలా? మగవాడు లోపలికి పోవడానికి లేదు. ఆమోసుగారు ఆలోచించి తన భార్య మాణిక్యమ్మను ఒక సీమంతానికి పంపాడు. ఆమె ముడి ఊడి, ఒక చెవి దుద్దు పోగొట్టుకుని తిరిగొచ్చింది.

“ఏం చూశావ్?”

“అబ్బ, ఏం ఉక్కండీ!” అంది మాణిక్యమ్మ. అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు. తర్వాత తన చెల్లెలు తెరేసమ్మను పంపాడు. ఆమె “బిర్యానీలో ఉప్పు తక్కువ” అని చెప్పి, వారం రోజులు కుంటింది. ఎవర్ని పంపినా అంతే. వెళ్ళేటప్పుడు సాక్షులు, వచ్చేటప్పుడు మూగవాళ్ళు.

చివరికి ఆమోసుగారికి గొప్ప ఉపాయం తట్టింది. అబద్ధం చెప్పని మనిషిని పంపితే? శౌరమ్మను పిలిపించాడు.

ఆ సాయంత్రం శౌరమ్మ తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటూ కోడలితో చెప్పింది: “నన్ను చూసి రమ్మన్నారు. వెళతా. చూసింది చెబుతా. కోడలివని ఒక్క మాట దాచను, ముందే చెబుతున్నా.”

“సరే అత్తయ్యా” అంది హన్నా. లోపల గుండె డిస్కో కొడుతోంది.

ఆ ఫంక్షన్ కొండపల్లిలో, బొమ్మలు చెక్కేవాళ్ళింట్లో సీమంతం. వరండా నిండా రంగులు ఆరుతున్న కొయ్య ఏనుగులు. శౌరమ్మ గోడవార కుర్చీలో వీపు ఆనించకుండా, ఒళ్ళో హ్యాండుబ్యాగు పెట్టుకుని, కోర్టులో జడ్జిలా కూర్చుంది. తలుపులు మూశారు. ఇంటావిడ చుట్టూ చూసి, “ఇక్కడందరికంటే పెద్దావిడ ఎవరు? ఆవిడ మాటే పట్టాలిగా!” అంది. అందరి కళ్ళూ శౌరమ్మ మీద పడ్డాయి.

హన్నా కళ్ళతోనే వద్దు వద్దు అంది. గంగారత్నం అప్పటికే కీబోర్డు ఎత్తుకుని బయల్దేరింది.

“పెద్దమ్మా, ఒక్క మాటనండి, ఏదైనా సరే.”

“నేననను. నా దగ్గరికి తేకు. నన్ను ముట్టుకోకండి. ఛీ, ఆపండే!”

చాలు. పెట్టె పట్టేసింది.

హన్నా చేతులు మెట్ల మీదికి వెళ్ళాయి. ఆపండే! ఆపండే! ఆ ఆ ఆపండే! ఆపమన్నకొద్దీ ఆడవాళ్ళు రెచ్చిపోయారు. సీమంతం పిల్ల కుర్చీలో కూర్చునే చేతులు తిప్పుతోంది. వరండాలో కొయ్య ఏనుగులు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. శౌరమ్మ లేచి నిలబడి, “ఆపండే!” అని గట్టిగా అరిచింది. ఏది ఆమె గొంతో, ఏది పెట్టె గొంతో ఎవరికీ తెలియలేదు. ఆమె మళ్ళీ అరిచింది, సరిగ్గా తాళానికి. మూడోసారి అరిచేటప్పటికి ఆమెకే నవ్వొచ్చేసింది. హన్నా కింది మెట్టు నొక్కింది. దున్నపోతు గొంతుతో “ఆపండే” వచ్చింది.

“అచ్చం మీ మామయ్య గొంతేనే!” అంది శౌరమ్మ. “ఆయనా ఇలాగే అనేవాడు, ఆపవే, ఆపవే అని. నేనేనాడైనా ఆపానా?”

హ్యాండుబ్యాగు చంకలోంచి తియ్యకుండానే ఆడింది. మధ్యలో కరెంటు పోయింది. శౌరమ్మే, “పెట్టె ఎందుకాగిందే? ఏదో ఒకటి చెయ్యండి!” అని కసిరింది. ఇంటావిడ గోడ గడియారంలోంచీ, టార్చిలైట్లలోంచీ బ్యాటరీలు ఊడబెరికి తెచ్చింది. గొంతు చెరిగిపోయింది కనుక శౌరమ్మ ఈసారి తనంతట తనే చిల్లు దగ్గర మూతి పెట్టి, “ఆపండే!” అని ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఇబ్రహీంపట్నం దాటాక సొలొమోను ఉండబట్టలేక అడిగాడు. “అమ్మా, లోపల ఏం జరిగింది?”

“నువ్వు ముందు చూసి నడుపు.”

“అత్తయ్యా, గుడిలో ఏం చెబుతారు?” అంది హన్నా.

“చూసింది చెబుతానన్నానుగా. ఎన్నిసార్లు చెప్పాలి?”

సాక్ష్యం ఆదివారం ఆరాధన అయ్యాక. హన్నా ఆ దిగులుతో పెట్టెలో బ్యాటరీలున్న సంగతే మర్చిపోయింది. బ్యాటరీలున్నంతసేపూ స్విచ్ ఆపినా పెట్టె ఏదీ మరవదని ఆమెకసలు తెలియదు. అంతకు ముందు బ్యాటరీలు వేస్తేగా!

ఆదివారం వచ్చింది. ఆమోసుగారు ప్రకటనలు మొదలెట్టాడు. ఒకటి, రెండు, అయిదు. ఎండెక్కింది. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. ముగింపు పాటకు హన్నా మెట్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. “మరొక ముఖ్యమైన ప్రకటన” అన్నాడాయన తొమ్మిదోసారి. హన్నా చేతులు చెమటకు జారి, ఒకటి పట్టిన గొంతు పలికించే మీట మీదా, ఒకటి మెట్ల మీదా పడ్డాయి.

“ఆపండే!”

నాలుగు గొంతులతో, గుడి నాలుగు మూలలా.

ఆమోసుగారి చేతిలో కాగితం ఆగిపోయింది. ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. “ఏంటమ్మా శౌరమ్మా?” అన్నాడు.

“నేను నోరు తెరవలేదు” అంది శౌరమ్మ. నిజమే మరి.

హన్నా చేతులు తీయబోయి కింది మెట్టు నొక్కేసింది. దున్నపోతు కూడా ఆపమంది. బెంచీల కిందినుంచి పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆడవాళ్ళ వైపుకు పాకింది. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

“ఇంక సాక్ష్యమెందుకు! పెట్టే సాక్ష్యం చెప్పింది” అన్నాడు ఆమోసుగారు, చెవులెర్రబడి. “యేసుకుమార్, వచ్చి పెట్టె తీసుకో.”

యేసుకుమార్ లేవబోయాడు. హన్నా కీబోర్డు మీద రెండు చేతులూ చాపి, కోడి పిల్లల్ని కప్పుకున్నట్టు కూర్చుండిపోయింది.

“కూర్చో అబ్బాయ్” అంది శౌరమ్మ. “నన్ను సాక్ష్యం చెప్పమని పంపారు. చెప్పనివ్వండి. కొండపల్లిలో డాన్సు జరిగింది. నా కోడలు వాయించింది. అందరూ ఆడారు. నేనూ ఆడాను. రెండు పాటలు. మూడోదానికి మోకాలు పట్టేసింది, లేకపోతే అదీ ఆడేదాన్ని.”

అప్పుడు మాణిక్యమ్మ లేచింది. “నేనూ ఆడానండీ. దుద్దు అక్కడే పడింది.” తెరేసమ్మ లేచింది. తర్వాత ఒకరి వెనక ఒకరు, ఆడవాళ్ళ వైపు బెంచీలన్నీ ఖాళీ అయి అందరూ నిలబడ్డారు.

“ఇంకోటి” అంది శౌరమ్మ. “ఆ పెట్టె పిడికెడు బియ్యంతో కొన్నది. దాంట్లో నా పిడికిలుంది. వీళ్ళందరి పిడికిళ్ళూ ఉన్నాయి. మీది ఉందా ఆమోసుగారూ? మీరు ఎసరు పెట్టిందెప్పుడు?”

ఆమోసుగారు భార్య వైపు చూశాడు. ఆమె సీలింగు వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, “అయినా... వినకుండా తీర్పెలా చెబుతాం? అదేదో మా ముందే వాయించండి. సండేస్కూలు షెడ్డులో. కమిటీ వింటుంది” అన్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వచ్చింది. ఆదివారపు బేరం అమ్ముకుని, పంచాయితీ వినడానికి ఖాళీ బేసిన్‌తో నిలబడి ఉంది గంగారత్నం. “మగాళ్ళుంటే మేం వాయించమండీ. కార్డు మీద అచ్చేయించాం.”

షెడ్డులోకి ఆడవాళ్ళు వెళ్ళారు. గంగారత్నం లోపల గడియ పెట్టింది. కమిటీ ఆరుగురూ, అయ్యగారితో సహా, ఎండలో సందులో నిలబడ్డారు. సొలొమోను ఆటోలో జరిగి చోటిచ్చాడు.

“కూర్చోండి ఆమోసుగారూ. ఇంకో అరగంట పడుద్ది. నాకలవాటే.”

లోపల హన్నా బ్యాటరీలు తీసి అత్తగారి గొంతు చెరిపి, ప్లగ్గు పెట్టింది. “ఇవాళ ఎవరి మాట?” అంది గంగారత్నం. మాణిక్యమ్మ ముందుకొచ్చి, చిల్లు దగ్గర నోరు పెట్టి, మొగుడి గొంతుతో పలికింది.

“మరొక ముఖ్యమైన ప్రకటన!”

షెడ్డు రేకులు ఎగిరిపోతాయా అన్నంత నవ్వు. దాని మీద డుబ్ డుబ్ మని దరువు. ఉడుత ప్రకటించింది, దున్నపోతు ప్రకటించింది, మ మ మ మరొక అని మేక ప్రకటించింది. ఆటోలో ఆమోసుగారు బిగుసుకుపోయి కూర్చున్నాడు. కాసేపటికి సొలొమోను కిందికి చూశాడు. ఆయన చెప్పు ఆటో రేకు మీద తాళం వేస్తోంది. చూడనట్టు అద్దం తుడుచుకున్నాడు.

గడియ తీసేసరికి హన్నా జడ ఊడి వీపున పడింది. గుమ్మంలో మొగుణ్ణి చూడగానే అంతసేపూ మర్చిపోయిన భయం తిరిగొచ్చింది. “ఏం తీర్పు చెప్పారు?”

“తలుపు దగ్గరికొచ్చి మూడుసార్లు ప్రకటించాడు ఆయన. మీకు వినపడితేగా!” అన్నాడు సొలొమోను. “పెట్టె నీ దగ్గరే. శనివారం సాయంత్రం బ్యాటరీలు మాత్రం తీసెయ్యాలంట.”

ఆ తర్వాత మరో ఆరేళ్ళు వాయించారు. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ. రెండు వేల అయిదుకల్లా పెళ్ళిళ్ళకు కంప్యూటరు పెట్టుకుని పెద్ద పెద్ద బాక్సులతో వచ్చేవాళ్ళు బయల్దేరారు. ఎర్ర మీటేమో అరిగి లోపలికి పోయింది, హన్నా జాకెట్ల సూదితో పొడిస్తేనే పనిచేసేది. అయినా కార్డు మీద ‘ఆడవాళ్ళకు మాత్రమే’ అన్న మాట కోసం పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా గోడ అవతల కుర్చీలు వేసుకుని మగవాళ్ళు కూర్చోవడం, టీలు తాగడం రివాజైంది. ఆ కుర్చీల్లో మొదటిది ఎప్పుడూ ఆమోసుగారిదే. ఆదివారం ప్రకటనలు మూడుకు దిగాయి. నాలుగోది మొదలెట్టబోతే ఆయన కళ్ళు వాటంతటవే హన్నా చేతుల మీదికి పోయేవి.

బ్యాటరీలు తీసే పని కమిటీ శౌరమ్మకే అప్పగించింది. అబద్ధమాడని మనిషి కదా. ప్రతి శనివారం ఆమె వాటిని తీసి దేవుడి బియ్యం డబ్బాలో దాచేది. తీసేముందు మాత్రం ఒక్కసారి, ఎవరూ లేకుండా చూసి, చిల్లు దగ్గర మెల్లగా “ఆపండే” అని, మొగుడి గొంతులా పలికే ఆ కింది మెట్టు మీద వేలేసేది.

“అత్తయ్యా, తీశారా?” అని వంటింట్లోంచి హన్నా అడిగేది.

“తీస్తున్నానే” అనేది శౌరమ్మ. అదీ నిజమే.